నీతో తగువు నాది

సూర్యం,

నువ్వు పోయి నేటికి ఏడాది. వెల్డింగు పొగ ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో నువ్వు రాసిన పరిశోధనా వ్యాసాన్ని ఇంకా ఉదహరిస్తూనే ఉన్నారు. కార్మికుల కోసం నేను రాసిన కరపత్రాలేమో ఇందా బజారులో ఝాల్‌మురీ మరమరాల పొట్లాలకు పనికొస్తున్నాయి. నా కుళ్ళు నీకు తెలిసిందే.

పొద్దున నీ శిష్యురాలు లావణ్య వచ్చింది. "మాస్టారూ, ఈ వారం సార్ పేపర్‌ని ఇంకొకాయన ఉదహరించినాడు. కానీ తప్పని రాసినాడు," అంది.

పొగ వల్ల కాదట, బీడీల వల్లట వెల్డర్లకు ఆ దగ్గు. నా ఒళ్ళు మండిపోయింది. కార్మికుణ్ణి వదిలేసి పొగను పట్టుకున్నావని పూరీ గేట్ దగ్గర టీకొట్టులో ఇరవయ్యేళ్ళు నిన్ను తిట్టినవాణ్ణి నేను. నీ మొహమైనా చూడనివాడు నీతో వాదనకు దిగుతాడా?

"ఏటండీ, మీరూ ఆయన్ని తప్పన్నోరే కదా!" అని మా ఆవిడ నవ్వింది.

"నేనంటాను. వాడెవడు?"

ఆ పరిశోధనకు నువ్వు బీడీ ముట్టనివాళ్ళనే ఏరుకున్నావు. పక్కనుండి చూశాను. మధ్యాహ్నమంతా కూర్చుని అదే జవాబుగా రాశాను. లావణ్య దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపుతానంది.

చివర్లో, నువ్వు చెప్పిందే నిజమని రాశాను. నువ్వుంటే ఆ మాట ఎప్పటికీ రాసేవాణ్ణి కాదు.