హెర్లంబాంగ్ చెప్పిన పేరు

కౌలాలంపూర్

అమ్మకు బెస్సే సలాం.

నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, మందులు మానకుండా వేసుకుంటున్నావనీ అనుకుంటున్నాను. వేసుకోవడం లేదని తెలిసినా అలాగే అనుకుంటాను, ఏం చేయను!

హస్నా తెచ్చిన నీ చేతి బురాసా అన్నం అందింది. కొబ్బరిపాల వాసన ఇంకా ఫ్రిజ్‌లోంచి పోలేదు. ఒకప్పుడు నాన్న విమానాల కౌంటర్‌లో టికెట్లు రాసిన మనిషి ఈ రోజు నా గదిలో కూర్చుని, "నువ్వు చిక్కిపోయావే, మీ అమ్మ చూస్తే నన్ను తిడుతుంది" అంటుంటే నవ్వొచ్చింది, కళ్లు చెమర్చాయి కూడా. ఈ ఉత్తరాన్ని ఆమె నీ చేతికే ఇస్తుంది. ఇంకెవరికీ ఇవ్వద్దని గట్టిగా చెప్పాను. ఎందుకో కింద రాస్తాను.

పోయినసారి నువ్వు అడిగినవాటికి జవాబులు. అవును, వేళకే తింటున్నాను. లేదు, ఎవరినీ చూసుకోలేదు. చూసుకుంటే ముందు నీకే చెబుతాను, బెంగపడకు. చిన్నమ్మ మా కంపెనీ చవక విమాన టికెట్‌తో సురబాయ వెళ్లి మనవరాలిని చూసొచ్చిందని రాశావు, సంతోషం. వెళ్లాల్సిన చోట్లు ఇంకా ఏమైనా ఉంటే ఈ నెలలోనే వెళ్లిరమ్మను. ఆ ధరలు ఎక్కువ కాలం ఉండవు. ఎలా తెలుసని అడగొద్దను.

ఇక అసలు ప్రశ్న. "మెరక్ ఎయిర్ మూతపడిందట, అందులో నీ చేయి ఉందా?" అని అడిగావు.

ఉందమ్మా. రెండు చేతులూ ఉన్నాయి.

నాన్నకు రెండే రెండు చిన్న ప్రొపెల్లర్ విమానాలు ఉండేవి. వాటితోనే మన మకాసర్ నుంచి కెందారి, బావుబావు, సెలాయర్ దాకా జనానికి ఆకాశం చూపించాడు. మెరక్ ఎయిర్ యజమాని హెర్లంబాంగ్ తన జెట్లతో దిగి, ఓడ టికెట్ కంటే తక్కువకు సీట్లు అమ్మాడు. నాన్న కంపెనీ మూసేసిన మర్నాడే ధర మూడింతలు చేశాడు. అంతకు ముందు నాన్న బతిమాలుకోవడానికి జకార్తా వెళ్లాడు. నువ్వు అరటాకులో కట్టిచ్చిన బురాసాతో ఆయన ఆఫీసు ముందు గదిలో పొద్దుటి నుంచి కూర్చున్నాడు. సాయంత్రం గుమాస్తా వచ్చి, "సార్ వెనక గుమ్మం నుంచి ఎప్పుడో వెళ్లిపోయారండీ" అన్నాడు. నాన్న ఆ పొట్లం విప్పకుండానే ఇంటికి తెచ్చాడు. నువ్వు దాన్ని కోళ్లకు వేశావు. ఆ తరువాత ఆయన మాట్లాడటం తగ్గించేశాడు, ఏడాది తిరగకుండానే ఊపిరి కూడా ఆగిపోయింది.

నేను ఈ మలేషియా విమాన కంపెనీలో చేరింది జీతం కోసమని నీతో అన్నాను. అది సగమే నిజం. మావాళ్లు జకార్తా భాగస్వాములను పెద్ద వాటాదారులుగా పెట్టుకుని మన దేశంలో కంపెనీ తెరుస్తున్నారని విని చేరాను. ఏ ఊరికి విమానం వేయాలో తేల్చే కుర్చీ చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. మొదటి సమావేశంలో అందరూ బాలీ, బాలీ అన్నారు. "బాలీలో పది కంపెనీలు ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటున్నాయి. మకాసర్ ఇవ్వండి" అన్నాను.

మా పెద్దాయన, "కెందారి దారిలోనా? ఏముందక్కడ?" అన్నాడు.

"కెందారి వద్దు. సురబాయ."

నేను కెందారి మీద పడితే హెర్లంబాంగ్ నవ్వేవాడు. జనం తక్కువ కాబట్టి, ధర పెంచినా అక్కడ ఆయనకు నష్టమే. ఆ నష్టాన్ని పూడ్చేది మకాసర్–సురబాయ విమానాల లాభం. అందుకే ఆయన ప్రతి సురబాయ విమానానికి ముందొకటి, వెనకొకటి వేశాను. మకాసర్‌లో రాత్రి విమానాలు నిలిపే చోటు ముందే తీసుకున్నాను, తెల్లవారి మొదటి ప్రయాణం మాదే అయింది. వ్యాపారులంతా అందులో ఎక్కేశారు. రెండేళ్లకు ఆయన అద్దె కట్టలేకపోయాడు, జెట్లు ఇచ్చినవాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఆయన దగ్గర పనిచేసినవాళ్లు రోడ్డున పడ్డారు, అది నాకు తెలుసు. కొందరిని మేం తీసుకున్నాం, అందరినీ కాదు.

పోయిన నెల ఆయన తన దగ్గర మిగిలినవి అమ్ముకోవడానికి ఇక్కడికి వచ్చాడు. ముందు గదిలో కూర్చోబెట్టమన్నాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. జాలి వేస్తుందేమోనని గాజు తలుపు వెనక నిలబడి చూశాను. వేయలేదు.

లోపలికి పిలిచి నాన్న పేరు చెప్పాను.

"పవెన్నారి కూతురివా?" అన్నాడు. "ముందే చెప్పొచ్చుగా అమ్మాయీ!"

"చెబితే వచ్చేవారా?"

ఆయన పెద్దగా నవ్వాడు. ముసలివాడయ్యాడు గానీ నోరు మాత్రం తగ్గలేదు. "మీ నాన్నను ధరతో కొట్టాననుకుంటున్నావా? ధర తగ్గించడం ఎవడికైనా చేతనవును. ఎక్కడ, ఎప్పుడు తగ్గించాలో తెలియాలి. 'బావుబావు వాళ్లకు మెత్తటి సీటు అక్కర్లేదు, పొద్దున పోయి మాపటికి పిల్లల దగ్గరికి చేర్చే బండి కావాలి.' ఈ మాట ఎవరిదో గుర్తుందా? మీ నాన్న కంటే వారం ముందు నేను బావుబావుకు పొద్దునొకటి, సాయంత్రమొకటి విమానం వేసింది ఆ మాట విన్నాకే."

అమ్మా, నాన్న ఆ మాట అన్నది ఆఫీసులో కాదు. మన ఇంట్లో చాప మీద, చేప ముల్లు తీస్తూ అన్నాడు. అక్కడ ఉన్నది నువ్వు, నేను, నాన్న, సిరువా మామయ్య.

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"మీ అమ్మ తమ్ముడే. బదులుగా మకాసర్ టికెట్ల ఏజెన్సీ అడిగాడు, ఇచ్చాను. ఇప్పుడు నీ దగ్గర కూడా తీసుకున్నాడటగా? గట్టివాడు!"

ఓడినవాడు పోతూ పోతూ విసిరిన బురద అనుకుందామని చూశాను. మామయ్యకు ఫోన్ చేసి, హెర్లంబాంగ్ వచ్చాడని మాత్రమే అన్నాను. ఇంకేం అనలేదు. "మా అక్కకు... మీ అమ్మకు చెప్పావా?" అన్నాడు. హెర్లంబాంగ్ ఏం చెప్పాడని అడగలేదమ్మా. నాకు అది చాలు.

ఇది ఫోన్‌లో నీకు చెప్పలేను. నీకు సరిగ్గా వినబడదు, ఫోన్ పట్టుకుని నా మాటలు నీకు వినిపించేది మామయ్యే కదా.

ఇప్పుడు నీకు చెప్పకుండా చేసిన పని చెబుతున్నాను. మా కంపెనీ టికెట్ల ఏజెన్సీ మామయ్య నుంచి తీసేశాను. హస్నాకు ఇచ్చాను, ఆమె ఇక్కడికి వచ్చింది సంతకం పెట్టడానికే. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఆయన కొట్టు మీది బోర్డు దించేసి ఉంటారు. ఇంకే కంపెనీ ఆయనకు ఏజెన్సీ ఇవ్వకుండా నేను చెప్పగలిగినవాళ్లందరికీ చెప్పాను. ఆయన నీ కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తాడు. "నీ కూతురు నా పొట్ట కొట్టింది అక్కా" అంటాడు. నీ మనసు కరుగుతుంది. నీ చేతుల మీద పెరిగినవాడు, నాకు తెలుసు.

ఆయనకు అన్నం పెట్టొద్దని నేను రాయను. అది నీ ఇల్లు, నీ తమ్ముడు. ఒక్కటే అడుగుతున్నాను. ఆయన తినేటప్పుడు ఎదురుగా కూర్చుని బావుబావు మాట నీ నోటితో అడుగు. నాన్న తరఫున నేను అడిగితే అది పగ. నువ్వు అడిగితే ఆయన తప్పించుకోలేడు. తలెత్తి నీ కళ్లలోకి చూసి జవాబు చెప్పగలిగితే, నేనే వచ్చి ఆ బోర్డు మళ్లీ కట్టిస్తాను.

చెప్పలేడమ్మా. అందుకే అడగమంటున్నాను.

ఇట్లు,
నీ పెద్ద కూతురు
బెస్సే