గాలయ్య వేలు

మెదక్,
14 సెప్టెంబర్ 2025, ఆదివారం.

చిరంజీవి నిస్సికి,

మీ నాన్న జకరయ్య ప్రేమతో దీవించి రాసేది. ప్రభువు కృపవల్ల నేనూ మీ అమ్మా క్షేమం. ఫోన్ చేస్తే రెండు మాటలకే మీటింగ్ అంటావు. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయలేవు కదా అని రాస్తున్నాను.

పోయిన ఆదివారం మీ ఆఫీసు వినీల మన చర్చి చూడ్డానికి వచ్చి, ఇంట్లో భోజనం చేసి వెళ్లింది. నువ్వు మాకు చెప్పని సంగతులన్నీ ఆ పిల్లే చెప్పింది.

జనవరిలో నీకు గాలయ్య సంగతి చెప్పాను కదా. నువ్వు ప్రోగ్రాం రాసిన వేలిముద్ర మిషన్‌ను మీ బ్యాంకువాళ్లు ముందుగా మెదక్ బ్రాంచిలో పెట్టి చూసిన రోజులవి. పాపన్నపేట నుంచి షేర్ ఆటోలో వచ్చిన ఆ ముసలాయన వేళ్ల గీతలు సిమెంటు పనిలో అరిగిపోయాయి. నాలుగుసార్లు వేలు పెట్టినా పట్టకపోతే, జర మంచిగ చూడు బిడ్డా, నేనే అని మిషన్‌తోనే చెప్పుకుని, డబ్బు అందక ఉత్త చేతులతో వెనక్కి పోయాడన్నాను. నీది పట్టిందా నాన్నా అని నువ్వు అడిగావు. మొదటిసారే పట్టిందన్నాను.

అన్ని బ్రాంచీల్లో ఆ మిషన్ పెట్టే తేదీ ఖాయమయ్యాక, వేలు పట్టనివాళ్లకు ఇంకో దారి చూపేదాకా నేను ఒప్పుకోనని మీటింగులో లేచి చెప్పావట. వందలో నలుగురికే కదా ఇబ్బంది అన్నాడట మీ పెద్దసారు. ఆ నలుగురు ఒకరోజు కూలి పోగొట్టుకుని వస్తరు సార్ అన్నావట. ఇట్లయితే ప్రమోషన్ లిస్టులో నీ పేరుండదని ఆయన బెదిరిస్తే, తీసేయుండ్రి సార్, గాలయ్య మాత్రం మళ్ల ఉత్త చేతులతోని పోవద్దు అన్నావట. అన్నంతపనీ చేశాడు, నీ ప్రమోషన్ ఇంకొకరికి పోయింది. మాకేమో పని బాగా నడుస్తోందని చెబుతూ వచ్చావు.

చివరికి వేలు పట్టకపోతే ముఖం చూసి గుర్తుపట్టేలా మార్చారట. ఇప్పుడు ఏ మార్పు బయటికి పంపాలన్నా ముందు చేసే పరీక్షకు గాలయ్య అనే పేరు పెట్టారట. పెద్దపెద్ద సార్లు పొద్దున్నే వచ్చి, గాలయ్య పాసయ్యిండా అని అడుగుతారని వినీల చెబుతుంటే మీ అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

ముప్పై ఏళ్లుగా మేస్త్రీ పని చేస్తున్నాను. కట్టిన గోడ వంకరపోయిందని ఇంటాయన ముఖం మీద చెప్పడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. నేను రెండుసార్లు చెప్పలేక ప్లాస్టరింగ్ చేసి కప్పేశాను. నువ్వు కప్పలేదు. నాకు చాలా గర్వంగా ఉంది తల్లీ. సంఘంలో దాదాపు అందరికీ చెప్పేశాను, మిగిలినవాళ్లు వచ్చే ఆదివారం దొరుకుతారు.

ప్రమోషన్ గురించి మనసు పాడుచేసుకోకు. వేళకు తిను.

ఆశీస్సులతో,
మీ నాన్న
జకరయ్య

తా.క.: గాలయ్య అనే మనిషి లేడమ్మా. ఆ రోజు మిషన్ ముందు నిలబడింది నేనే. నా బిడ్డ చేసిన మిషన్ నన్నే గుర్తుపట్టలేదని చెప్పడానికి సిగ్గయి, నోటికొచ్చిన పేరు చెప్పాను. ఇన్ని నెలలూ అది నన్ను తినేసింది. ఇప్పుడు మాత్రం చెప్పకపోవడమే మంచిదైందనుకుంటున్నాను. నా పేరు చెప్పి ఉంటే నువ్వు మీ నాన్న కోసం కొట్లాడేదానివి. ముక్కూ ముఖం తెలియని మనిషి కోసం కొట్లాడావు.