మనూ బడికి తయారైన తీరు

అలియాబాద్,
14 జూన్ 2025, శనివారం.

చిరంజీవి లతకు,

నీ వదినె స్వరూప ఆశీర్వదించి రాయునది. పెద్దదాన్ని గాబట్టి చిరంజీవి అనే రాయాలె, రాసిన. ఈడ నేను, నా తమ్ముడు మహేందర్, నీ కడుపున పుట్టిన మన్విత, ముగ్గురం మంచిగున్నం. నువ్వు గా సూరారంల మాత్రల కంపెనీల డబ్బలు ప్యాక్ జేసుకుంట మంచిగనే ఉన్నవని బాలేష్ జెప్పిండు. మీ కంపెనీ ఆడోళ్ళను ఆటోల దించుతడు గదా, ఈ కాగితం సుత ఆయన చేతికే ఇస్తున్న. ఫోన్ల అయితె నువ్వు ఏడుసుడు మొదలువెడ్తవ్, నా మాట సాగనియ్యవ్. కాగితం ముంగట ఎంత ఏడ్సినా నా మాట ఆగదు.

మొన్న బడి మొదటి దినం గేటు కాడ నిన్ను సూసి పిల్ల గట్లెందుకు కేకలువెట్టి ఒర్రింది, నేనేం పాపం జేసిన అని బాలేష్ తోని అడిగిపిచ్చినవట. జెప్త. మొదటి సంది జెప్త. పిల్లను బడికి తయారు జేసుడంటె ఏందో నీకు ఎరుక గావాలె.

పోయిన ఏడు బోనాలప్పుడు నువ్వు చెప్పులు సుత ఏసుకోకుంట గోడ దుంకి పోయినవ్. మహేందర్ తాగుతడు, కొడ్తడు, నిజమే. తాగినోడు కొట్టక ముద్దు వెట్టుకుంటడా? నేను సుత మా అత్తగారింట్ల తిన్న దెబ్బలు, గోడలు దుంకలే. పోయినదానివి పోక, పండుకున్న పిల్లను ఇడిసిపెట్టి పోయినవ్. తెల్లారి మీ అన్నను తోల్కొచ్చి పిల్లనియ్యుండ్రి అంటివి. పిల్ల ఏమన్న అంగట్ల కూరగాయనా, మరిసిపోతె మల్లొచ్చి తీస్కపోనీకి?

తూంకుంట కాడి బడిల ఒకటో తరగతికి ఏసినం. ఎండకాలం బడి తాతీల్లల్లనె నేను పని మొదలువెట్టిన. పొద్దుగాలనె లేపుడు, లేవకుంటె మొకాన సల్లటి నీళ్ళు. అంగి గుండీలు తనే పెట్టుకోవాలె, బూట్లు తనే తొడుక్కోవాలె. నువ్వు నెత్తి నిండ ఎంటికెలు పెంచి పెట్టినవ్. రెండు జడలేసుకుంట కూసునే తీరిక నాకేడిది? కత్తెర తీస్కొని చెవుల దాక కత్తిరిచ్చిన. నువ్వు కొన్న ఎర్ర రిబ్బన్లు పట్టుకొని ఏడ్సుకుంట కూసుంటె, గుంజుకొని పొయ్యిల ఏసిన. ఏడుపు బందయింది.

బలపం పుర్రచేత్తోని పడ్తది, అచ్చం నీలెక్క. గది సూస్తె నాకు ఒళ్ళు మండుతది. చున్నీ తోని ఆ చెయ్యిని నడుముకు కట్టిన. తినేటప్పుడు సుత ఇప్పలే. మొదట్ల కుడిచేత్తోని ముద్ద నోటికి పోక అంగి మీద పడేది, కింద పడ్డది కుక్క తినేది, పిల్ల ఆకలి తోనె పండేది. ఇప్పుడు అ ఆలు కుడిచేత్తోనె దిద్దుతది, గీతలు జర వంకర వోతయ్, గంతే. మొక్కై వంగనిది మానై వంగుతదా?

బడిల పొద్దంత కదలకుంట కూసోవాలె గదా. అందుకని బియ్యం సంచులుండే అర్రల కూసోవెట్టి బయట గొళ్ళెం పెట్టేదాన్ని. మొదట్ల తలుపు మస్తు గుద్దింది. నేను వాకిట్ల చింతపండు గింజలు తీసుకుంట ఇన్న. గుద్దుడు ఆగినంకనె గొళ్ళెం తీసిన. తెల్లారి ఇంక జర ఎక్కువసేపు. ఇప్పుడు గొళ్ళెం పనే లేదు, కూసో అంటె సాలు, లే అనేదాక కూసుంటది. మొన్న బడిల మేడం నన్ను పిలిచి మరీ మెచ్చుకున్నది. పిల్లలందరు గుండెలు పలిగేటట్టు ఏడుస్తుంటె గీ పిల్ల ఒక్కతె బెంచి మీద బొమ్మ లెక్క కూసున్నది, ఇంట్ల ఎంత మంచిగ పెంచుతున్నరమ్మా అన్నది. ఎవరు పెంచుతున్నరు లతా? పేరు జెప్పు.

నీకు యాదికున్నదో లేదో, పిల్లను తొట్లె ఏసిన దినం నేను కొత్త చీర కట్టుకొని, దానికి ఎండి కడియాలు తెచ్చి, ఒళ్ళెకు తీసుకున్న. నువ్వు మీ అమ్మ దిక్కు సూసినవ్, మీ అమ్మ నా ఒళ్ళెకెల్లి పిల్లను గుంజుకున్నది. పిల్లలు లేనోళ్ళ చెయ్యి ముందుగాల తగులొద్దు అన్నది. వాడకట్టంత సూసింది. నువ్వు తలకాయ వంచుకొని కూసున్నవ్, ఒక్క మాట అనలే. ఆ దినం అంటుకున్న మంట నా కడుపుల ఇంక ఆరలే. ఆరదు గూడ. ఇప్పుడు అదే పిల్ల నా పక్కల పండుతది, నా చేతి బువ్వ తింటది. నన్ను అమ్మ అనుమంటె ఇంక అత్తమ్మా అనే అంటాంది, నోరు తిరుగుతలేదు. తిరుగుతది. నాకేం జల్దీ లేదు.

ఇగ నువ్వడిగిన సంగతి. కొత్తోళ్ళు పిలిస్తె పోవద్దు, చాక్లెట్ ఇస్తె ముట్టొద్దు, దగ్గరికొస్తె గట్టిగ ఒర్రి పెద్దోళ్ళ కాడికి ఉరుకాలె అని దినాం నేర్పిన. బడికి పోయే పిల్లకు ఎవరైన నేర్పేదె. మొన్న బడి ఇడిసే యాళ్ళకు నువ్వు కొత్త నీళ్ళ సీసా పట్టుకొని గేటు కాడికి వస్తివి. మనూ అని పిలిచి, మట్టిల మోకాళ్ళ మీద కూసొని చేతులు సాపితివి. నువ్వు పోయి ఏడాదాయె, దానికి నీ మొకం యాదికి లేదు. ఎవరో కొత్తామె అనుకున్నది. నేర్పినట్టె ఒర్రింది, నేర్పినట్టె ఉరికొచ్చి నా కొంగు పట్టుకున్నది. లాగు తడుపుకున్నది. సుట్టుముట్టున్న తల్లులందరు నిన్ను పిల్లలనెత్తుకపోయేదాన్ని సూసినట్టు సూసిన్రు. బడి ఆయమ్మ నీ రెక్క పట్టి రోడ్డు దాక తోలింది. నేను ఒక్క మాట అనలే. ఆ దినం నువ్వన్నవా?

కోర్టుకు పోత అన్నవట. పో. ఎవరి దగ్గర ఉంటవ్ అని పిల్లనే అడుగుమను. నీకు జవాబు మొన్ననె దొరికింది.

పెయ్యి మంచిగ సూసుకో. వానకాలం వచ్చింది, తడువకు.

ఇట్లు,
నీ మంచి కోరే వదినె,
స్వరూప.

తా.క.: కాగితం మడిచినంక మనసున పట్టక మల్ల ఇప్పిన. పిల్ల నిన్ను గుర్తువట్టలేదని రాసిన గదా, అబద్దం. నాకంటె ముందు అదే నిన్ను సూసింది. అగో మా అమ్మ అని పిల్లనె అన్నది. గుర్తువట్టింది గాబట్టే ఒర్రింది.

నువ్వు పోయినంక దినాం అమ్మేది అమ్మేది అని నా పానం తీసింది. సచ్చిపోయింది అని జెప్పిన. నమ్మలే. నీ పెండ్లి ఫోటోల నిన్నొక్కదాన్ని కత్తిరిచ్చి, పటం కట్టిచ్చి, దండేసిన. అప్పుడు సగం నమ్మింది. పెత్రమాస నాడు సచ్చిపోయినోళ్ళ పేరు మీద బియ్యమిస్తం గదా, మా బాపు పేర ఇచ్చినంక అయ్యగారికి నీ పేరు సుత జెప్పిన. బియ్యం, పప్పు, చింతపండు, అన్ని పిల్ల చేతులతోనె ఇప్పిచ్చిన. మహేందర్ గడపల నిలవడి సూసిండు. ఆ దినం సంది పిల్ల అమ్మేది అని అడుగలే.

మొన్న ఇంటికొచ్చినంక అడిగింది, మనమిచ్చిన బియ్యం అయిపోయినయా అత్తమ్మా, అమ్మ ఆకలై వచ్చిందా అని. గంతే అయ్యుంటది అన్న. నిన్న బడిల డబ్బల అన్నం సగమే తిని, మిగిలింది గేటు గోడ మీద పెట్టిందట. కాకి వచ్చి ముట్టిందట. ఏడాది సంది నవ్వని పిల్ల, ఇంటికి ఉరికొచ్చి నవ్వుకుంట జెప్పింది, అమ్మ తిన్నది అత్తమ్మా, ఇగ రాదు అని.