సెరహ్ పేరు ఖాళీ అయిన వారం

ఫిబ్రవరి 3, ఆదివారం

ముందుగా క్షమాపణలు. ఈ డైరీని తవ్వి తీయబోయే పరిశోధకులకు, రాబోయే తరాలకు, నా గది ఊడుస్తూ దీన్ని తప్పకుండా తెరవబోయే మా అమ్మకు సవినయంగా మనవి చేసుకునేదేమంటే, ఇకపై వచ్చే పేజీల్లో రెండు కుటుంబాల మధ్య రగలబోయే యుద్ధానికి, ఒలకబోయే టీకి, తెగబోయే చుట్టరికాలకు పూర్తి బాధ్యత నాదే. చరిత్ర నన్ను క్షమించకపోయినా సర్దుకుంటాను.

ఇక విషయం. నిన్న అక్కకు ఆడపిల్ల పుట్టింది. బావ ఎలాద్ లాగే బట్టతల.

అక్క హదాస్ తన పదో ఏటనే అమ్మమ్మకు మాటిచ్చింది, మొదటి ఆడపిల్లకు ఆమె పేరే పెడతానని. మా ఇంట్లో బతికున్న పెద్దల పేరు పెట్టడం వాళ్ళ నెత్తిన కిరీటం పెట్టినంత. అమ్మమ్మ పేరు సెరహ్. ఇస్ఫహాన్ నుంచి ఇస్రాయేలుకు వచ్చి ఈ హోలోన్‌లో దిగిన నాటి నుంచి ఆ పేరున్న ఇంకో మనిషిని ఆమె చూడలేదు. ఎనభై ఏడేళ్ళుగా పిలిపించుకుంటున్నాను, ఒక్కసారి నేను ఆ పేరు పెట్టి ఎవరినైనా పిలవాలిరా అంటుంది.

సాయంత్రం బావ వాళ్ళమ్మ బ్రూరియా ఫోన్ చేసింది. వాళ్ళు పోలండ్ నుంచి వచ్చినవాళ్ళు. బతికున్న మనిషి పేరు పసిబిడ్డకు పెడితే మృత్యుదూత ఒకరి కోసం వచ్చి ఇంకొకరిని పట్టుకుపోతాడట. తన ప్రాణం ఉండగా ఒప్పుకోదట.

యుద్ధం మొదలైంది. సేనాపతిని నేనే.

ఫిబ్రవరి 4, సోమవారం

రోజంతా లైబ్రరీలో పరిశోధన. బైబిల్ అధ్యయనంలో డిగ్రీ చేసినందుకు లోకం నాకింకా ఉద్యోగం ఇవ్వలేదు. పోనీ, ఒక మేనకోడల్ని ఇచ్చింది. నా చదువుకు ఇదే మొదటి గిరాకీ.

అర్థం. ఎడారిలో దేవుడి గుడారం మీద తెరలు పరిచాక, కప్పగా మిగిలి వెనక వేలాడే గుడ్డను హీబ్రూలో సెరహ్ అన్న ఈ మాటతోనే అంటారు. మిగులు. అంచు దాటి వచ్చింది. దుర్వాసన కూడా ఈ ధాతువు నుంచే పుట్టింది. ఈ రెండో సంగతిని దేశభద్రత దృష్ట్యా అక్కకు చెప్పలేదు.

పుట్టుక. యాకోబు మనవరాలు సెరహ్. చచ్చిపోయాడనుకున్న కొడుకు యోసేపు బతికే ఉన్నాడన్న కబురు ఒక్కసారిగా చెబితే ముసలాయన గుండె ఆగిపోతుందని, ఆ పిల్ల పక్కన కూర్చుని వాద్యం మీటుతూ పాటలో కలిపి చెప్పిందట. నీ నోటికి చావు లేకుండు గాక అన్నాడట తాత. ఇంతవరకు చావలేదట. ఇస్ఫహాన్ దగ్గర ఒక గుహలోకి వెళ్ళి మాయమైందని మావాళ్ళ నమ్మకం. అమ్మమ్మ వాళ్ళమ్మ ఆ రాళ్ళ సందులోంచి పాకి వెళ్ళి మొక్కుకుంటేనే అమ్మమ్మ పుట్టింది. చావనిదానికి ఆ గుహలో సమాధి ఎందుకని చిన్నప్పుడు అడిగితే, గరిటెతో ఒకటిచ్చి, అది సమాధి కాదురా గాడిదా, తలుపు అంది.

ఆదరణ. పార్కులో నోఆ అని పిలిస్తే సగం ఉయ్యాలలు ఆగిపోతాయి. ప్రభుత్వం వారి పేర్ల జాబితాలో సెరహ్ అని కొడితే స్క్రీన్ ఖాళీ. మరీ కొద్దిమందికే ఉన్న పేర్లకు లెక్క చూపించరట. అంటే మా అమ్మమ్మ ప్రభుత్వ రహస్యం.

ఫిబ్రవరి 5, మంగళవారం

బావకు దుర్వాసన సంగతి తెలిసిపోయింది. ఎవడికి తెలియదు హీబ్రూ. బళ్ళో పిల్లలు ముక్కు మూసుకుంటారు, నా కూతురు ఏడుస్తుంది అన్నాడు. అమ్మమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. నేనొచ్చిన కొత్తలో ఈ వీధి కుర్రాళ్ళంతా మూసుకున్నారు నాయనా, వాళ్ళలో అందరికంటే గట్టిగా మూసుకున్నవాణ్ణి పెళ్ళి చేసుకున్నాను అంది. గోడ మీది ఫోటోలో తాతయ్య ఊపిరి పీల్చుకోవడానికి భయపడుతున్నట్టే ఉన్నాడు.

బావ లొంగాడు. మిగిలింది బ్రూరియా.

ఫిబ్రవరి 8, శుక్రవారం

రాత్రి భోజనానికి అందరూ మా ఇంట్లో. అమ్మమ్మ సెనగపిండీ కోడిమాంసమూ కలిపి పిల్లల తలకాయలంత ఉండలు చేసింది. బ్రూరియా చక్కెర వేసి వండిన చేప తెచ్చింది. ఆ చేపకు ఏ పాపానికి ఈ శిక్ష అని అమ్మమ్మ నా చెవిలో అడిగింది.

అమ్మమ్మ వంటింట్లోకి వెళ్ళగానే నేను లేచి ఉపన్యాసం ఇచ్చాను. ఈ పేరు మా అమ్మమ్మది కాదు, యాకోబు మనవరాలిది, ఆమెకు చావే లేదు, కాబట్టి దూత వచ్చే ప్రసక్తే లేదు. అద్భుతమైన వాదన. దూత వచ్చినప్పుడు నీ థీసిస్ చదువుతూ కూర్చుంటాడా నాయనా అని అడిగింది బ్రూరియా. తర్వాత మెల్లగా చెప్పింది. వాళ్ళ పిన్నికి పుట్టిన పిల్లకు, ఎవరెంత చెప్పినా వినకుండా, బతికున్న నాయనమ్మ పేరు పెట్టారట. పిల్ల రెండో నెల చూడలేదట.

నాకు జోకు దొరకలేదు. వెతికాను కూడా.

అప్పుడే అమ్మమ్మ వచ్చి, నీ బదులు నేను పోతాను తల్లీ, ఇంకో ఉండ వేసుకో అంది. ఫారసీలో అది ఉత్త మర్యాద. పాలవాడితో కూడా అంటుంది. బ్రూరియా ముఖం తెల్లగా అయిపోయింది.

ఫిబ్రవరి 9, శనివారం

అక్క ఏడుస్తోంది. పిల్లకు పేరు లేదు. నేను మేడమ్ అంటున్నాను.

ఫిబ్రవరి 10, ఆదివారం

బ్రూరియా ఒక్కతే బస్సులో వచ్చింది. అమ్మమ్మ కొత్తిమీర బాగు చేస్తోంది. నేను బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను. మా బాల్కనీలో మొక్కలు లేవు.

మీ మీద కోపం కాదమ్మా, మీరు ఉండాలి, అదీ ఉండాలి అంది బ్రూరియా. మీ ఆచారానికి అడ్డు పేరా, నేనా అని అడిగింది అమ్మమ్మ. పేరుగల మనిషి బతికి ఉండటం అంది బ్రూరియా. అయితే నేను చావాలన్నమాట. అయ్యో, నా నోరు పడిపోను, ఆ మాట అనకండి అని బ్రూరియా ఏడుపు మొదలెట్టింది. అమ్మమ్మ నవ్వింది. ఏడవకు, కొత్తిమీర తడిసిపోతుంది, చావకుండా పేరు ఖాళీ చేసే దారి ఉంది అంది.

ఫిబ్రవరి 11, సోమవారం

దారి ఇది. ప్రాణం మీదికి వచ్చిన రోగికి సినగాగులో ప్రార్థన చేసి పేరు మారుస్తారు. మా చిన్నాన్నకు ఇస్ఫహాన్‌లో అలాగే మార్చారు, వచ్చిన దూత అడ్రసు దొరక్క తిరిగి పోయాడు అంది అమ్మమ్మ. తన పేరు మార్చేసుకుంటే ఇంట్లో బతికున్న సెరహ్ ఉండదు. పేరు పిల్లకు.

సినగాగు చూసుకునే ఆగా నిస్సాన్ జుట్టు పీక్కున్నాడు. అది జబ్బు మనుషులకమ్మా సెరహ్ ఖానుం, మీరు గుండ్రాయిలా ఉన్నారు అన్నాడు. ఎనభై ఏడేళ్ళు నిస్సాన్, ఇంతకంటే ముదిరిన జబ్బు ఉంటే చూపించు అంది. గురువారం పొద్దున ధర్మగ్రంథం తెరిచినప్పుడు చేయిస్తానన్నాడు. పదిమంది మగాళ్ళు ఉండాలి. కొత్త పేరు హయా. బతికున్నది అని అర్థం.

నేను అరిచాను. మీ అమ్మ రాళ్ళ కింద పాకి తెచ్చుకున్న పేరు, ఎవరి భయానికో వదిలేస్తావా అన్నాను. నీకెందుకురా అంత కోపం, పేరేమైనా నీదా అంది. నీది కాబట్టే అన్నాను. నాది కాబట్టే ఇస్తున్నాను అంది.

ఫిబ్రవరి 13, బుధవారం

ఆపుతాను. పథకం సిద్ధం. చలికాలం, మామూలు రోజుల్లో మా వీధి సినగాగుకు వచ్చేది, నాన్నతో కలిపి, తొమ్మిది మంది. బావకు హైఫాలో డ్యూటీ. నిస్సాన్ ఏళ్ళ తరబడి పదోవాడి కోసం మా మెట్ల దగ్గర కాపు కాస్తాడు, నేను ఏళ్ళ తరబడి డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక దాక్కుంటాను. రేపు నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. ఆ ఏమీ చెయ్యకపోవడాన్ని ఉక్కు సంకల్పంతో చేస్తాను.

ఫిబ్రవరి 14, గురువారం

పేరు మారింది. హయా.

ఫిబ్రవరి 16, శనివారం

పిల్లకు పేరు పెట్టారు. బావను గ్రంథం దగ్గరికి పిలిచారు. నిస్సాన్ దీవెన చదువుతూ, ఇస్రాయేలులో ఈమె పేరు అనేదాకా వచ్చి ఆగాడు. ఆడవాళ్ళ వైపు చూశాడు. అమ్మమ్మ కానియ్యి అన్నట్టు చెయ్యి ఊపింది, బస్సుకు దారి ఇస్తున్నట్టు.

సెరహ్.

ఆడవాళ్ళు మిఠాయిలు విసిరారు. ఒకటి నా కంటికి తగిలింది, నీళ్ళు అందువల్లే.

ఇంటికొచ్చాక బ్రూరియా అమ్మమ్మ చేతులు వదల్లేదు. ఇంత అడగలేదమ్మా సెరహ్ గారూ, ఇంత అడగలేదు అంది. హయా అని పిలువు అంది అమ్మమ్మ. ఉండ ఒకటి వడ్డిస్తూ, నీ బదులు నేను, అని ఆగింది. ఆలోచించింది. ఉంటాను తల్లీ, తిను అంది.

ఆగస్టు 20, మంగళవారం

ఇవాళ వంటింట్లోంచి సెరహ్ అని కేక వినబడింది. అలవాటుగా అమ్మమ్మ కోసం చూశాను. కేక వేసింది అమ్మమ్మే. చాప మీద మేడమ్ తల తిప్పింది.

యుద్ధమంతా నేను చేశానని రాసుకున్నాను. చేసింది ఒక్కటే. ఆ గురువారం ట్యాంకు వెనక నుంచి తొంగి చూస్తే, సినగాగు కిటికీలో ఆడవాళ్ళ బెంచీ మీద ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. మంచి కండువా, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్. ఎవరినీ పిలవడం లేదు. దిగి వెళ్ళాను. పదోవాణ్ణి నేనే. ఆమెన్ అన్నాను.