ఆడి అయిపోయాక

అక్కా,

ఇది చదివి పొయ్యిలో పెట్టేయి. బావ కంట పడనివ్వకు.

కొత్త జంట దూరంగా ఉండాల్సిన ఆడి మాసం వెళ్ళగానే నీ కూతురు పూంగొడిని పుట్టింటి నుంచి కాపురానికి తీసుకురమ్మంటున్నావు. తీసుకురాలేను. నీకు నడుం నొప్పనో మరేదో చెప్పి, దీపావళి దాకా తనని నీ దగ్గరే ఉంచుకో.

ఆడి మొదట్లో నాసిక్ లోడుకి వెళ్ళినప్పుడు దాబా వెనక ఒకామె దగ్గరకి వెళ్ళాను. ఇంజిన్ వేడి ఒంట్లో ఉండిపోతే మనిషి పాడవుతాడని, అలా పోగొట్టుకోవాలని మా డ్రైవర్లంటారు. నిరోధ్ చిరిగింది. సోడాతో కడుక్కుంటే చాలని వాళ్ళే అన్నారు. కడుక్కుని బండెక్కాను. లోడు దించి, ఊరు చేరి ఆస్పత్రికి వెళ్తే, "మూడు రోజుల్లోపు వచ్చుంటే ఎయిడ్స్ అంటకుండా మాత్రలిచ్చేదాన్ని కదయ్యా" అంది నర్సమ్మ. రక్తంలో ఇప్పుడేమీ కనపడలేదట. మూడు నెలలకి మళ్ళీ చూస్తేగానీ నమ్మకూడదట. అంతవరకు భార్యకి దూరంగా పడుకోమంది.

ఆడి పద్దెనిమిది పండక్కి పూంగొడి తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, పులిహోర డబ్బాతో లారీ అడ్డాకే వచ్చేసింది. ఆ రోజు తాళికి మార్చుకోవాల్సిన కొత్త పసుపుతాడు చూపించి, "నువ్వే కట్టు మామా. ఆడి అని చేతులు కూడా దూరం పెడతారా ఏంటి?" అని నవ్వింది.

చేతులకి గ్రీజుందన్నాను. తుడుద్దామని నా చేతులు కొంగులోకి తీసుకుంది. గ్రీజు లేదక్కా. ముట్టుకుంటే ఏమీ కాదని నర్సమ్మ చెప్పింది కూడా. అయినా తాడు కట్టడానికి నా చేతులు లేవలేదు.

తాడు మళ్ళీ మడిచి దాచుకుంటూ, "నావల్ల ఏం తప్పయింది మామా?" అంది.

నీ దగ్గరున్నన్నాళ్ళు, ఏ తప్పూ తనది కాదని మాత్రం చెప్తూ ఉండు.

నీ తమ్ముడు