ఇనుముకొకటి, కట్టెకొకటి

నా అక్షరాలు వంకర, తప్పులూ ఉంటాయి. కోప్పడకు. నువ్వు కన్నుమూసి నేటికి ఏడాది.

నువ్వు రంగులేసిన స్టేషన్లోనే ఊడుస్తున్నాను. ఖనిజం రైళ్లకు కొత్త షెడ్డు కట్టారు. నిప్పును ఆపే రంగు వేస్తూ, నిన్న మేస్త్రీ ఇనుప స్తంభాల డబ్బానే కట్టె దూలాలకూ తెరిచాడు.

"అది ఇనుముకేసేదప్పా. కట్టెకు వేరే ఉండాది."

"నీకెవరు చెప్పినారమ్మా?"

"మా ఇంటాయన."

"పేరేంది?"

నీ పేరెలా పలికేది? ఇంటికెళ్ళి, నువ్వు నా పొయ్యిలో పెట్టి చూసిన కట్టెముక్కలు తెచ్చాను. ఇనుము రంగు పూసింది బొగ్గయింది. కట్టె రంగు పూసింది పైపైనే నల్లబడింది. మేస్త్రీ రెండూ తిప్పి చూసి, డబ్బా మూసేశాడు. ఆ ముక్కలు కాలుస్తూ రొట్టెలు మాడ్చావని ఆరోజు నిన్ను ఊరికే తిట్టాను.

నీ పటం ముందు దీపం పక్కన పెడుతున్నాను, చదివాక దీన్ని కాల్చెయ్యి. దీనికి ఏ రంగూ పూయలేదు, తొందరగానే అంటుకుంటుంది.