బెండకాడల జిగురు, మొదటి ముక్క

ఏవండీ,

మీరు వెళ్లాక మన నల్లజర్ల చేలో ఇదే మొదటి గానుగ. మరిగే చెరుకురసంలో మడ్డి పైకి తేలాలని, మీలాగే బెండకాడలు దంచి ఆ జిగురు పోశాను. అంతలో ఏలూరు నుంచి హెల్తు ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు.

“ఈ జిగురు తింటే హాని లేదని ఎవరు చెప్పారండీ?”

“మా ఆయనండీ. కొత్త బెల్లం ముందు తాను తినేవారు. మర్నాటిదాకా పిల్లల్ని ముట్టనిచ్చేవారు కాదండీ.”

ఆయన నవ్వారు. “మంచి పరీక్షే. ఓసారి పిలవండి, మాట్లాడతాను.”

మీరిక లేరని చెప్పడానికి నాకు నోరు రాలేదు. “బెండకాడల కోసం వెళ్లారండీ” అన్నాను.

జిగురూ బెల్లమూ సీసాల్లో పట్టుకెళ్లారు. పరీక్ష తేలేదాకా అమ్మొద్దన్నారు. మబ్బు పట్టినప్పుడల్లా బెల్లం దిమ్మలకి చెమ్మ తగులుతుందేమోనని వాటిమీద గడ్డి కప్పుతూ కూర్చున్నాను. మీరుంటే ఆయనకి చెరుకురసం తాగించి మరీ పంపేవారు. నాకది తోచనే లేదు.

నిన్న జవాబొచ్చింది. జిగురులో ఏ దోషమూ లేదట, అమ్ముకోవచ్చట.

ఇవాళ పిల్లల్ని పిలిచి దిమ్మ పగలగొట్టాను. మొదటి ముక్క మన పెద్దమ్మాయి అందుకుంది. “ముందు నేను తింటానమ్మా, మీరంతా రేపు తినండి” అంది, అచ్చం మీలాగే.

‘మీకేమైనా అయితేనో’ అని నేను పోట్లాడితే మీరు నవ్వేవారు, గుర్తుందా? ఏమీ కాదని ఇప్పుడు కాగితమే వచ్చింది. అయినా మనసొప్పలేదండీ. దాని చేతిలో ముక్క లాక్కుని నేనే నోట్లో వేసుకున్నాను.

రేపు పొద్దున్న పిల్లలకి పెడతాను.